దుర్గి శిల్పి చూసిన అమెరికా సైనికులు

నేను డిగ్రీలో అమెరికా సమాజం, సంస్కృతి ప్రధానాంశంగా చదివానంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. ఎనభైల మధ్యలో హైదరాబాదులో ఆ బీఏ చదివినవాళ్లం పదకొండు మందిమి. నరసరావుపేటలో మా వీధివాళ్లకైతే అదో వేళాకోళం. "ఏందమ్మాయ్, చదివితే ఆడికి పంపిస్తారా?" అని కనిపించినప్పుడల్లా అడిగేవాళ్లు. పంపరు, పుస్తకాల్లో చదవడమేనని చెప్పీ చెప్పీ విసుగొచ్చేది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు వాళ్ల అంతర్యుద్ధం తర్వాత ఊరూరా నిలబెట్టిన సైనికుల రాతి విగ్రహాలను ఎంచుకున్నాను. గెలిచిన ఉత్తరాది విగ్రహంలో గర్వం, ఓడిన దక్షిణాది విగ్రహంలో దుఃఖం కనిపిస్తాయని ముప్ఫై పేజీలు రాసి పట్టుకెళితే మా మాస్టారు సంతకం పెట్టలేదు. ఇదంతా ఎవరో చూసి రాసింది, నువ్వు చూసిందేదీ అన్నారు. మీ జిల్లాలోనే దుర్గి ఉంది కదా, రాయి చెక్కేవాళ్లతో ఒక్కసారైనా మాట్లాడావా అని కూడా అడిగారు. సోమవారంలోగా ఆ సంతకం పడకపోతే నాకు ఏడాది పోయినట్టే. ఒళ్లు మండిపోతూనే ఇంటికొచ్చి, శనివారం పొద్దున్నే బయలుదేరాను.

ఆరున్నరకు నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు దొరికింది. నకరికల్లు, పిడుగురాళ్ల, గురజాల మీదుగా మూడు గంటలకు పైనే పట్టింది. పిడుగురాళ్ల దగ్గర సున్నపు దుమ్ము కిటికీలోంచి వచ్చి నా కాగితాల మీద కూడా పడింది. మాచర్లలో రెండు ఇడ్లీలు తిని దుర్గి బస్సెక్కితే అరగంట. రెండు టికెట్లూ కలిపి పది రూపాయలు దాటలేదు. దిగేటప్పుడు శిల్పుల ఇళ్లెక్కడని కండక్టరును అడిగితే, ఉలి చప్పుడు వినపడ్డ వైపు నడవమన్నాడు. అలాగే నడిచాను.

తాటాకు పందిరి కింద ఒక పెద్దాయన సగం తేలిన నంది ముందు కూర్చుని ఉన్నారు. పేరు బ్రహ్మయ్యాచారి. సంగతంతా చెబితే ఉలి పక్కనపెట్టి, లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించారు. సంచిలోంచి రెండు జిరాక్సు బొమ్మలు తీసి ఇచ్చాను. ఒకటి ఉత్తరాది ఊళ్లోది, ఇంకోటి దక్షిణాది ఊళ్లోది. ఆయన చేసిన మొదటి పని, రెండు విగ్రహాల మొహాలనూ వేళ్లతో మూసేయడం. మొహం చూస్తే మనసు దానిమీదికే పోతుందట, ముందు నిలబడ్డ తీరు చూడాలట. అక్కడ పిల్లలకు పని నేర్పేది కూడా అలాగేనట. తర్వాత పెన్సిలుతో టోపీ నుంచి మడమ దాకా ఒక్కో బొమ్మ మీద నిలువుగీత గీశారు. ముందుకేసిన కాలు చూశారు, కోటు మడతలు లెక్కపెట్టారు.

"ఇవి రెండూ ఒక్క నమూనావేనమ్మా. ఒకే పనోడు చేసుంటాడు, లేకుంటే వాడి దగ్గర నేర్చినోడు. నడికట్టు బిళ్ల మీద అక్షరాలే మార్చారు."

నేను బొమ్మలు లాక్కుని చూశాను. నిజమే. అదే కాలు, అవే మడతలు, తుపాకీ గొట్టం మీద అవే చేతులు. బెల్టు బిళ్ల మీద మాత్రం ఎవరి పక్షం అక్షరాలు వాళ్లవి. ఆర్నెల్లు ఆ బొమ్మలు నా బల్లమీదే ఉన్నాయి. కింద రాసింది చదివాను తప్ప బొమ్మను చూడలేదు. గర్వం, దుఃఖం అంటూ రాసిన ముప్ఫై పేజీలూ బూడిదలో పోసిన పన్నీరే. సిగ్గుతో నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేకపోయాను.

ఆయన కంగారుపడి మజ్జిగ తాగమన్నారు. "ఇందులో తప్పేముందమ్మా? గెలిచినా ఓడినా బిడ్డ పోయిన తల్లి తల్లేగా. నిలబెట్టుకోడానికి ఒక బొమ్మ కావాల. అదే బొమ్మ పక్కూరోళ్లకీ ఉందా అని ఆ తల్లి అడగదు."

ఆ మాట అక్కడికక్కడే రాసుకున్నాను. మధ్యాహ్నం వాళ్లింట్లోనే గోంగూర పచ్చడితో అన్నం పెట్టారు. చానా దూరం పోవాలి, తిను తినూ అని వాళ్లావిడ నెయ్యి మీద నెయ్యి వేసింది. బయలుదేరేముందు ఆయన బొమ్మలు మళ్లీ అడిగి తీసుకుని, పీఠం మీది అక్షరాలు చూపించి ఏం రాశారని అడిగారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు, చందాలిచ్చినవాళ్ల పేర్లు అన్నాను. "చెక్కినోడి పేరు?" అన్నారు. లేదన్నాను. "మేమూ చెక్కుకోం," అని నవ్వారు. మీ పేరు నా ప్రాజెక్టులో రాయనా అని భయంభయంగా అడిగాను. రాయి మీదైతే వద్దు, కాగితం మీదే కదా, రాసుకోమన్నారు.

ఆదివారం రోజంతా కూర్చుని ఆ ముప్ఫై పేజీలు పక్కనపెట్టి పన్నెండు పేజీలు రాశాను. ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ ఒకే విగ్రహం ముందు ఏడ్చారని రాశాను. రాత్రి బస్సెక్కి హైదరాబాదు చేరాను. సోమవారం మాస్టారు ఆధారాల పట్టిక దగ్గర ఆగి, ఈ బ్రహ్మయ్యాచారి ఏ పుస్తకం రాశాడని అడిగారు. పుస్తకం కాదు సార్, దుర్గిలో నందిని చెక్కుతున్నారని చెప్పాను. ఆయన ఆ పేరు కింద గీత గీసి, చివరి పేజీలో సంతకం పెట్టారు. నేను అమెరికా ఎప్పుడూ వెళ్లలేదు. కానీ ఆ దేశం మీద నాకున్న జాలి, ప్రేమ ఆ పందిరి కిందే మొదలయ్యాయి.

దుర్గి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే రాయి ముట్టుకోలేరు. విగ్రహం కొన్నా కొనకపోయినా, చెక్కినవాళ్ల పేరు అడిగి రాసుకోండి. విగ్రహం మీద అది ఉండదు.