పిలిస్తే పలకని వెదురు

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని మా భవానీపూర్ తెలుగువాళ్ళ సమావేశాల్లో చాలాసార్లు చెప్పాను. ఉద్యోగాలకని కొత్తగా దిగిన ఐటీ పిల్లలు కళ్ళార్పకుండా వింటారు. అలా వినేవాళ్ళు దొరికితే నా కథలో వెదుళ్ళు ఏడాదికేడాది ఇంకాస్త పొడుగెదుగుతాయి. నిజానికి ఆ రోజుల్లో నాకు భయం తప్ప మరేదీ సరిగ్గా తెలియదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మేనత్త ఇంట్లో ఉంటూ, హుగ్లీ ఒడ్డున ఒక పాత మొక్కల తోటలో తాత్కాలిక ఉద్యోగం వెలగబెట్టేవాణ్ణి. నన్ను వెదుళ్ళ విభాగంలో వేశారు. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి, వరికీ చెరుకుకీ చుట్టం అని చేరిన రోజునే చెప్పారు. ఇంటికొచ్చి గొప్పగా ఆ మాటే చెబితే మామయ్య పేపరు దించకుండానే, "అయితే మనోడు గడ్డి పీకే ఉద్యోగంలో చేరాడన్నమాట" అన్నాడు.

మా విభాగం పెద్దాయనకు నేను పెట్టుకున్న పేరు గడ్డిదాదా. ఎదురుగా మాత్రం, బెంగాలీలో అన్నా అన్నట్టు, దాదా అనేవాణ్ణి. చలికాలం మొదలవడమే ఆలస్యం, మెడకు మఫ్లరూ తలకు మంకీ క్యాపూ వచ్చేసేవి, మళ్ళీ ఎండలు ముదిరితే గాని ఊడేవి కావు. వెదుళ్ళకు పేర్లు పెట్టడంలో ఉన్న చిక్కంతా ఆయనే నేర్పాడు. ఏ మొక్క ఏ జాతిదో చెప్పాలంటే పువ్వు చూడాలి. వెదురేమో ఏ తరానికో ఒకసారి పూస్తుంది, పూశాక పొదకు పొదే చచ్చిపోతుంది. అందాకా ఆగలేక, లేత మొలకను కప్పి ఉండే తొడుగును చూసి జాతి చెబుతారు. ఆ తొడుగుకు రెండు చెవులుంటాయి, లోపల ఒక నాలుక ఉంటుంది, చెవుల అంచున మీసాల్లాంటి వెంట్రుకలుంటాయి. ఇవి నేను కల్పించినవి కావు, శాస్త్రంలో వాటిని అలాగే అంటారు. ఎండిన తొడుగులు మా గది గోడల పొడవునా వేలాడేవి. చెవులున్నాయి, నాలుకలున్నాయి, కళ్ళు మాత్రం లేవు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుంటే, అవన్నీ నా నమలడం వింటున్నట్టుండేది. (అన్నం మానేశానని చెబుతుంటాను. మానలేదు, వరండాలో తిన్నాను.)

తోటలో నది వైపు చివర ఒక పాత పొద ఉండేది. దాని తొడుగు చూసి గడ్డిదాదా వయసులో ఉండగా ఒక జాతి పేరు పెట్టాడు. కాదు, వేరే జాతి అన్నవాళ్ళూ ఉన్నారు. తేల్చాల్సింది పువ్వు. లోపలి కేసరాల కాడలు ఒకదానితో ఒకటి అతుక్కుని గొట్టంలా ఉంటే ఆయన గెలిచినట్టు, విడివిడిగా ఉంటే ఓడినట్టు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన దాని పూత కోసం ఎదురుచూశాడు. రోజూ మధ్యాహ్నం పొద దగ్గర నిలబడి, తాను పెట్టిన పేరుతో దాన్ని పిలిచి, "ఏమోయ్, నువ్వదేనా? పలుకు" అనేవాడు. అది పలికేది కాదు. గాలికి పక్క పొదలన్నీ కిర్రుమంటున్నా, ఆయన పిలిచినప్పుడు అది మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఊరుకునేది. అటువైపు తోటమాలీలు కూడా వెళ్ళేవారు కాదు. దారికడ్డంగా వంగిన వెదురును దాటబోతే దాన్ని పట్టుకుని కూర్చున్న భూతం వదిలేస్తుందనీ, ఆ వెదురు చివాలున లేచి మనిషిని నదిలోకి విసిరేస్తుందనీ వాళ్ళ నమ్మకం.

గడ్డిదాదా రిటైరయ్యే నెలలో ఆ పొద ఆకులన్నీ రాల్చేసింది. ఒక మధ్యాహ్నం గాలికి ఆయన టేబుల్ మీదికి సన్నటి పొట్టు కొట్టుకొచ్చింది. ఆయన దాన్ని వేలితో తాకి చూశాడు. "పూసింది" అన్నాడు. "పొట్టుతో పని జరగదు భాయ్. కేసరాలు పొద్దున్నే బయటికి వేలాడతాయి, ఎండెక్కితే రాలిపోతాయి. రేపు పొద్దున్నే వెళ్ళి తాజా పూత కోసుకురా. నిన్ను పర్మనెంట్ చేయమని ఎల్లుండి రాస్తాను." తానెందుకు వెళ్ళడో చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులనుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్త అట్లు పోస్తోంది.

"ఏట్రా ఇది, చొక్కా నిండా పొట్టు? వరి నూర్చొచ్చావేటి?"

"వెదురు పూతత్తా."

ఆమె చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "నువ్వు గాని చూసినావేటి?"

"లేదు, రేపు కొయ్యాలి."

"వెళ్ళకు. మా చిన్నప్పుడు కొండ మీద వెదురు పూస్తే, మొదట చూసినోడికి ఆ ఏడే నూకలు చెల్లిపోయాయి."

"వెళ్ళకపోతే ఉద్యోగం పోతాదత్తా."

అత్త అట్టు తిరగేసి, అది కాలేదాకా ఆలోచించింది. "చూస్తేనే గదా దోసం. కళ్ళకి తువ్వాలు కట్టుకెళ్ళి తడుముకుని కోసుకురా."

అంత చదువుకున్నవాణ్ణి, అది నాకు చాలా సబబుగా తోచింది.

మర్నాడు నది మీంచి పొగమంచు తోటలోకి వచ్చేసింది. ఎక్కడో స్టీమరు కూసింది గాని ఏ దిక్కునో తెలియలేదు. నా బూట్లు మాత్రమే చూసుకుంటూ పొద దాకా నడిచి, తువ్వాలు బిగించి కట్టుకుని, చేతులు చాచి లోపలికి దిగాను. మోకాలికి అడ్డంగా ఒక వెదురు తగిలింది. దాటితే భూతం, దాటకపోతే నిరుద్యోగం. పొట్ట మీద పాకి దాని కిందినుంచి పోయాను. రాలిన తొడుగులు అరచేతుల కింద చిట్లాయి, చెవులూ నాలుకలూ ఒక్కొక్కటే తగిలాయి, వాటి నూగు గుచ్చుకుని చేతులు మండాయి. పైన గడలు రాసుకుని, పాత మంచం మీద ఎవరో అటునుంచి ఇటు ఒత్తిగిలినట్టు మూలుగు వినిపించింది. తర్వాత ఊపిరి వినిపించింది. నేను ఆగాను, అదీ ఆగింది. నేను కదిలాను, ఎదురుగా ఆకులు నలిగాయి. చెయ్యి చాచాను. తల తగిలింది. వెచ్చగా, ఉన్నితో ఉంది. ముక్కు కోసం తడిమాను, ఉన్ని. కళ్ళ కోసం తడిమాను, ఉన్ని. ఆ తలకు ముఖం లేదు.

(ఇక్కడ "ఎవరక్కడ" అని గర్జించానని సమావేశాల్లో చెబుతాను. గర్జించలేదు. "అత్తా" అన్నాను.)

"కే? ఎవరది?" అంది ఆ తల, వణుకుతున్న గొంతుతో. గడ్డిదాదా గొంతు. మంకీ క్యాపును వెనక్కి తిప్పి తొడుక్కున్నాడాయన. ముఖం కోసం ఉన్న కంత వీపు వైపుంది.

"దాదా, మీరేంటి ఇక్కడ?"

"నువ్వు రావనుకున్నాను. తెలుగువాడివి, మొదట చూసినవాడు పోతాడని మీ ఇంట్లోనూ అనుకుంటారు కదా."

"మీరు సైంటిస్టు కదా దాదా."

"సైంటిస్టునే. మా అమ్మకు కొడుకును కూడా."

మంచులో ఇద్దరం కళ్ళు లేకుండా ఎదురెదురుగా కూలబడ్డాం. ముందు ఎవరు చూడాలన్న చర్చ మొదలైంది. నాకు పెళ్ళి కాలేదన్నాను. తనకు ఒక్కనెల పెన్షనైనా చేతికి రాలేదన్నాడు. ఇద్దరం ఒకేసారి చూద్దామన్నాను, సరేనన్నాడు. మూడు లెక్కపెట్టాం.

ఇంతకాలం సమావేశాల్లో ఈ చోట ఏం చెప్పానంటే, మూడు అనగానే తువ్వాలు లాగి పారేసి, నేనే మొదట చూశానని. ఎంతమంది చప్పట్లు కొట్టారో. నిజానికి మూడు అన్నాక నేను చేసింది, ముడి ఇంకాస్త బిగించుకోవడం. నా ఎదుట ఉన్ని జరిగిన చప్పుడైంది. ఆయన మెడలో వేలాడే భూతద్దం చొక్కా గుండీకి తగిలి టిక్కుమంది.

"విడివిడిగా ఉన్నాయి" అన్నాడు నెమ్మదిగా. "ఇన్నేళ్ళూ తప్పు పేరుతో పిలిచాను. ఎలా పలుకుతుంది పాపం." తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇక విప్పుకో. మొదట చూసింది నేను. నీకేం కాదు."

విప్పాను. ఆకు లేని గడల నిండా గడ్డిరంగు కుచ్చులు, వాటి చివర సన్నటి దారాలకు వేలాడుతున్న పసుపుపచ్చ కేసరాలు. అంత అందమైనది చావును తెస్తుందంటే ఆ క్షణంలో నమ్మబుద్ధి కాలేదు. ఆయన లేచి నిలబడి, అవతలివాళ్ళు పెట్టిన పేరుతో ఆ పొదను పిలిచాడు. గాలి లేదు. పైనుంచి కింది దాకా అది ఒక్కసారి కిర్రుమంది.

(ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.)

ఆ వేసవిలో పొద చచ్చిపోయింది. గడ్డిదాదా చావలేదు. నా పెళ్ళికొచ్చి చేపల కూర లేదని సణిగాడు, నా పిల్లల్ని ఎత్తుకున్నాడు, బాగా పండిపోయాక ఒక మధ్యాహ్నం నిద్రలో వెళ్ళిపోయాడు. పొద చచ్చిన చోట వరినారులా మొలకలు లేచాయి, ఇప్పుడవి ఆయన పొదంత ఎత్తున్నాయి. మోకాళ్ళు ఒప్పుకున్నప్పుడు నేను అక్కడికి వెళ్ళి, ఆ కొత్త పొదను సరైన పేరుతోనే పిలుస్తాను. పిలిచే ముందు మాత్రం మంకీ క్యాపు వెనక్కి తిప్పుకుంటాను. ఈసారి అది పూసి ఉంటే, నాకంటే ముందు చూడడానికి ఎవరూ లేరు కదా.