వాకిట్లోకి వచ్చిన కుండలు

నా చిన్నప్పుడు ఇప్పపూలు రాలే రోజుల్లో మా భోపాల్‌పట్నం వైపు ఊళ్ళు తెల్లవారకముందే చెట్ల కిందికి చేరేవి. పూలు నేల మీద కనబడాలంటే ముందు ఎండుటాకులు పోవాలి. అందుకని సాయంత్రం పూట ఆకులకు నిప్పు పెట్టి, మంట పక్కకు పాకకుండా పచ్చికొమ్మతో కొట్టి ఆర్పడం అందరికీ అలవాటే. మా చెట్టు కింద ఆ పని మా నాయనమ్మది. నేను ఆమె వెంట ఉండేదాన్ని. బడికి పోలేదు కనుక నాకు అక్షరాలైనా, దేవుడి కథలైనా ఆమె చెప్పినవే.

ఆ రోజు మంట ఆరాక బూడిదలో గుండ్రటి రాయి ఒకటి కనిపించింది. కాలితో తోయబోతే బుస్సుమన్నది. తాబేలు. ఎండ తాళలేక ఆకుల కింద మట్టిలో దూరి పడుకున్నట్టుంది. డిప్ప ఒక పక్క పొరలు లేచింది, వెనక కాలు కమిలిపోయింది. నాయనమ్మ అక్కడే కూలబడింది. ఆమెకు తాబేలంటే కొండను వీపున మోసిన స్వామి.

ఆమెకు ఇంకో దిగులు కూడా ఉంది. పక్కింటి అత్త వాళ్ళు దోర్ల తెగవాళ్ళు. వాళ్ళ వంశానికి తాబేలే మూలపురుషుడు. ఆ ఇంట్లో ఎవరూ తాబేలు మాంసం ముట్టరు. చచ్చిన తాబేలు కళ్ళబడితే ఇంటి మనిషి పోయినట్టే మైలపడి, వంటకుండలు పగలగొడతారు. అయినా నాయనమ్మ దాన్ని దాచలేదు. కొంగులో పెట్టుకుని నేరుగా అత్త ఇంటికే నడిచింది.

అత్త తాబేలును రెండు చేతులా అందుకుని దానితోనే మాట్లాడింది. "ఏంది తాతా, పండుకోనీకి నీకు ఇంకో జాగా దొరకలేదా? ఇప్పపూలు తిని నిషాల ఉన్నవా ఏంది?" అని, మా నాయనమ్మ వైపు తిరిగి, "జల్దీ నీళ్ళు కాగబెట్టు పెద్దమ్మా, ఏడుపు తర్వాత చూద్దాం" అన్నది.

వేపాకు కాచిన నీళ్ళు చల్లార్చి పుండ్లు కడిగారు, పసుపు అద్దారు. పందిరి నీడన తడి ఇసుక పోసి అందులో పెట్టారు. పుండు మీద ఈగ వాలితే పురుగు పడుతుందని, వేపకొమ్మ నా చేతికిచ్చి కాపలా కూర్చోబెట్టారు. నేను ఈగలను తోలుతూ నాకొచ్చిన దేవుడి పేర్లన్నీ తాబేలుకు చెప్పేదాన్ని. అది తల బయట పెట్టేది కాదు, ఏమీ తినేది కాదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, వేలితో తాకినా అది కాలు లోపలికి తీసుకోలేదు. అత్త చూసి, పోయిందనుకుని లేచి, ఇంట్లోంచి వంటకుండలు ఒక్కొక్కటే తెచ్చి వాకిట్లో పెట్టసాగింది. అంగట్లో కొత్తగా కొన్న కుండ కూడా వచ్చింది. ఏడవలేదు. ఎవరినీ నిందించలేదు.

దడి మీదుగా చూసిన నాయనమ్మ ఇంట్లోకి వెళ్ళింది. తలుపు వేసుకుంటుందేమో అనుకున్నాను. మా అన్నం కుండ, పప్పు కుండ చంకనెత్తుకుని వచ్చి అత్త కుండల పక్కన దింపింది.

"నీకేం మైల పెద్దమ్మా? నీవి ఎందుకు తెచ్చినవ్?"

"తాత నీవాడు. నిప్పు నాది గదనే."

అత్త ఆమెను తేరిపార చూసింది. తర్వాత సన్నగా నవ్వి, "అయితే రేపు రెండిండ్లల్ల పొయ్యి లేదు. ఈ పిల్ల మన నెత్తి తింటది" అన్నది. పొద్దు గూకాక పగలగొడదామని ఇద్దరూ కుండల పక్కనే కూర్చున్నారు. నాయనమ్మ ఆ రోజు స్వామిని ఏమీ కోరలేదు. ఊరికే చేతులు జోడించి కూర్చున్నది.

పొద్దు వాలుతుండగా నా కొమ్మ కింద ఇసుక కదిలింది. ముడతల మెడ మెల్లగా బయటికి వచ్చింది. అత్త నత్త మాంసం ముక్క ముందు పెడితే, ఎంతోసేపు చూసి చూసి అందుకున్నది. "బతికినవు తాతా. మా కుండలు గూడ బతికినయ్" అన్నది అత్త. 

తొలకరి వానలకు చెరువు నిండాక అత్త దాన్ని నీళ్ళలో వదిలింది. డిప్ప మీద మచ్చ పోలేదు, నడక కొంచెం వంకరే. అయినా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాయనమ్మ ఎన్నడూ ఆకులకు నిప్పు పెట్టలేదు, చీపురు పట్టింది. "ముసలామె అడవికి వాకిలి ఊడుస్తున్నది" అని ఊరు నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చేది, కానీ చీపురు ఆపలేదు.

ఇప్పుడైతే దెబ్బ తగిలిన జంతువు కనబడితే పిల్లలు జంగిల్ ఆఫీసు వాళ్ళకు ఫోన్ చేస్తున్నారు, వాళ్ళు వచ్చి తీసుకెళ్ళి బాగుచేస్తున్నారు. చల్లగా ఉండాలి వాళ్ళు. నా వల్ల ఎవరికైనా నొప్పి కలిగితే, తెలియక జరిగిందన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. అది నిజమే కావచ్చు. అయినా దాన్ని మింగి, ముందు వాళ్ళ ఇంటికి వెళ్ళి పక్కన కూర్చుంటాను. అంతకు మించి ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అంతమాత్రం చూపించినందుకు ఆ ఇద్దరికీ దండం పెట్టుకుంటాను.