దిగావక్క

సబ్‌స్టేషన్‌లో ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ దిగావక్క. మరమ్మతుకని కరెంటు ఆపించుకున్న లైన్‌మన్ పని ముగించి ఫోన్ చేస్తే ఆవిడ అడిగే మొదటి మాట అదే: "దిగావా?" పక్కవాడు ఫోన్ లాక్కుని "వాడు దిగేశాడక్కా, వేసెయ్" అన్నాడో, అయిపోయాడే! "వాడి నోట్లో నాలుక లేదా? వాడికివ్వు ఫోను!" అని కడిగేసేది. ఊరు ఊరంతా ఉక్కపోతకి ఉడికిపోనీ, పైవాళ్లు చిందులు తొక్కనీ, స్తంభం ఎక్కినవాడి గొంతు వినందే స్విచ్ మీద చెయ్యి వేసేది కాదు.

ఊరికే వచ్చిన చాదస్తం కాదది. ఆవిడ భర్తా లైన్‌మనే. ఆయన స్తంభం మీద ఉండగానే ఎవరో తొందరపడి కరెంటు వదిలారు. ఏ కరెంటు మొగుణ్ణి మింగిందో ఆ కరెంటుకే ఆవిణ్ణి కాపలా పెట్టింది ప్రభుత్వం. చంకలో పసివాడు, కాదంటే పూట గడవదు, చేరింది. ఆ పసివాడు పెరిగి తనూ లైన్‌మన్ అయ్యాడు. "ఇంకే పనీ దొరకలేదట్రా నీకు!" అని నెత్తీ నోరూ బాదుకుంది. వింటేగా.

అంతలో ప్రభుత్వం కొత్త యంత్రాలు తెచ్చింది. ఇకమీదట స్విచ్‌లన్నీ రాజధానిలో ఒకే గదిలోంచి వేస్తారు. లైన్‌మన్ తన సెల్‌లో బొత్తాం నొక్కితే అక్కడి తెరమీద అతని పేరు పక్కన పచ్చరంగు పడుతుంది, కరెంటు వచ్చేస్తుంది. నిజం చెప్పొద్దూ, మంచి పనే. గాలివానొస్తే రోజుల తరబడి చీకట్లో మగ్గే ఊళ్లకి గంటలో వెలుగొస్తోంది. ఆ మాట ఆవిడా ఒప్పుకునేది.

కానీ ఇక్కడ సబ్‌స్టేషన్ గదిలో కూర్చోవడమెలా ఉంటుందో ఆవిడకే తెలుసు. మనిషి చెయ్యి తగలకుండానే పెట్టెలో స్విచ్ ధనామని పడేది. "మీ ఆయనే వచ్చి వేస్తున్నాడేమో అక్కా" అన్నాడు వాచ్‌మన్ ఓసారి, వేళాకోళానికి. ఆవిడ నవ్వలేదు. తనకీ ఆ అనుమానం ఎప్పుడో వచ్చింది. ఇంట్లో గిన్నె జారిపడ్డా లేచి వెళ్లి ఎవరా అని చూసేది.

కొండవతల ఊళ్లకి వేసిన కొత్త లైను ప్రారంభోత్సవం వచ్చింది. మంత్రిగారు రాజధానిలో మీట నొక్కాలి, ఇక్కడ స్విచ్ పడాలి. ఆ లైను మీద ఆఖరి పనుల్లో కొడుకున్నాడు. ఫోన్ మోగుతోంది, వాడు ఎత్తడం లేదు.

"అందరూ దిగారమ్మా. మీవాడి పేరు పక్కనా పచ్చే, చూడండి" అన్నాడు ప్రారంభానికని సబ్‌స్టేషన్‌కి వచ్చిన ఇంజనీరు, తన సెల్ చూపిస్తూ.

"వాడు నాతో చెప్పలేదు బాబూ."

"యంత్రానికి చెప్పాడుగా." మంచివాడే, ఎగతాళికి అన్న మాట కాదు.

టీవీలో మంత్రిగారి ఉపన్యాసం ముగింపుకొచ్చింది. ఆవిడ గబుక్కున లేచి, గోడమీది పిడిని 'రిమోట్' నుంచి 'లోకల్' వైపు తిప్పేసింది. అలా తిప్పితే రాజధాని మాట ఇక్కడ చెల్లదు. దానికి వీపు ఆనించి నిలబడింది. అక్కడ మంత్రిగారు మీట నొక్కారు, చప్పట్లు మోగాయి. ఇక్కడ స్విచ్ పడలేదు.

"అమ్మా, నా కొంప ముంచకండి, జరగండి!" ఇంజనీరు ఏడుపొక్కటే తక్కువ.

"వాడి గొంతు వినిపించు, జరుగుతాను. లేదా నన్ను చంపి వేసుకో."

ఆఖరికి ఫోనొచ్చింది. "దిగానమ్మా. వెయ్యి" అన్నాడు కొడుకు, రొప్పుతూ. అప్పుడు పిడి మళ్లీ తిప్పేసి పక్కకి జరిగింది.

సస్పెండ్ చేశారు. మొగుడి దయ్యం పట్టి మంత్రి పరువు తీసిందని ఊరంతా చెప్పుకుంది. విచారణలో అడిగితే, మంత్రి మీట నొక్కకముందే దిగానని కొడుకూ తలూపాడు. కన్నకొడుకే అలా అనేసరికి ఆవిడకి తల కొట్టేసినట్టయింది. నాకు నిజంగానే మతి పోయిందేమో అనుకుంది.

ఆ సాయంత్రం వాడు కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"అమ్మా, అప్పుడు నేను పైనే ఉన్నాను."

కొండవతల సిగ్నల్ లేదు, ఒక్క గుట్ట మీద తప్ప. అందుకని ఫోన్లన్నీ ఒకడికిచ్చి గుట్ట ఎక్కిస్తారట. అందరి బొత్తాలూ వాడే నొక్కుతాడు. మంత్రిగారి టైమవుతోందని ఆవేళ ముందే నొక్కేశాడు. అక్క తిడుతుందని ఫోన్ ఎత్తలేదు. కరెంటు రాలేదేమని రాజధానివాళ్లు అరిచాక కేకేస్తే, కొడుకు దిగి గుట్టపైకి పరిగెత్తాడు.

"మరి విచారణలో నోరు పడిపోయిందట్రా?"

"చెబితే వాడి ఉద్యోగం పోతుందమ్మా. పిల్లలు గలవాడు. రోజూ చేసేదేగా, తప్పు అందరిదీ. నీదంటే సస్పెన్షనే, కొన్నాళ్లకి ఎత్తేస్తారు. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

చాచి లెంపకాయ కొట్టాలనిపించింది. గుండెకి హత్తుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేతకాక ఇంకాస్త వడ్డించి, మాటిచ్చేసింది.

అంతలో కరెంటు పోయింది. ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. కాసేపటికి బల్బు వెలిగింది. వీధిలో పిల్లలు హోయ్ అని కేకలేశారు.

"ఇవాళ స్తంభం ఎక్కిందెవర్రా?" అంది.

వాడు చెప్పాడు. ఆ కుర్రాడి తల్లిని ఆవిడ ఎరుగును, ఈ వీధి చివరి ఇల్లే. గరిటె చేత్తో పట్టుకునే లేచి గుమ్మంలోకి వెళ్లి, ఆ ఇంటివైపు చెవి పెట్టి నిలబడింది.