పిట్టకు సైకిల్ దిగే ఏలియా సారు

ఏలియా సారు పిట్ట కనబడితే సైకిల్ దిగుతాడు. ఆయనలో ఉన్న తేడా ఇదొక్కటే. మిగతా అన్ని విధాలా మంచి మనిషే గాని, పక్కనున్నవాడికి పిచ్చెక్కడానికి ఈ ఒక్కటీ చాలు.

దిగడమంటే ఒక కాలు నేలకు ఆనించి, ఓ చూపు చూసి వెళ్ళిపోవడం కాదు. రెండు కాళ్ళూ దించాలి. సైకిల్‌కు స్టాండు వేయాలి. నెత్తిమీది టోపీ తీసి చంకలో పెట్టుకుని చెట్టువైపు తిరిగి నిలబడాలి. మాట్లాడకూడదు, బీడీ ముట్టించకూడదు. ఆ పిట్ట దయతలచి ఎగిరిపోయేదాకా పెళ్ళాం పిల్లలున్న మగవాళ్ళం నడిరోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడాలి. దారిన పోయే బండ్లవాళ్ళు మమ్మల్ని చూసి, ఎవరో పోయారనుకుని, తామూ బండి దిగి కాసేపు నిలబడి పోయేవారు.

మీకు ఇది నవ్వులాటగా ఉండవచ్చు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మాది సుల్తానాబాద్ దగ్గర ఒక పల్లె. నిజాం కాలంలో మా ఊరి దొర గడీ ముందు నుంచి ఎవడూ సైకిలెక్కి పోకూడదు. చెప్పులు చేత పట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ, తల వంచుకుని పోవాలి. మా బాపు బతికినన్నాళ్ళూ అట్లాగే పోయాడు. పోలీసు చర్య జరిగిందో లేదో, నేను చెప్పులు తొడుక్కుని, సైకిలెక్కి, గంట కొడుతూ గడీ ముందు నుంచి పోయాను. అప్పటికే దొర హైదరాబాదు పారిపోయాడనీ, గడీలో చెవిటి కావలివాడు తప్ప ఎవరూ లేరనీ గిట్టనివాళ్ళు అంటారు. అది వేరే సంగతి. ఇక ఈ జన్మలో ఎవరి ముందూ సైకిల్ దిగనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అటువంటి నన్ను పట్టుకుని ఈయన గువ్వకు దిగమంటాడు.

"సారూ, దొరలకే దిగుడు బంజేసినం. పిట్టలకు దిగుడేంది?" అని మొదటిరోజే అడిగాను.

"దొరకు భయంతోని దిగినం. పిట్టకు ఖుషీతోని దిగుతం. ఫరక్ లేదా రామచంద్రం సాబ్?"

"ఎట్ల దిగినా దిగుడు దిగుడే గద."

"జర మెల్లగ మాట్లాడుండ్రి. పిట్ట బెదురుతది."

ఇంతకీ నేను ఇందులో ఎట్లా ఇరుక్కున్నానో చెప్పాలి. నేను లక్షెట్టిపేట తాలూకా కచేరీలో గుమాస్తాను. ఏలియా సారు మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. జన్నారం అడవిని సర్కారు అభయారణ్యం చేసిన కొత్తలో, ఆ అంచున ఉన్న ఎర్రకుంటకు చలికాలంలో ఎక్కడెక్కడి పిట్టలో వస్తాయని ఆయన కనిపెట్టాడు. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి శనివారం బడి వదలగానే సైకిళ్ళ మీద అక్కడికి ప్రయాణం పెట్టాడు. నన్ను అందులో చేర్పించింది నా భార్య కమలవ్వ. "కుర్చీల కూసుండి కూసుండి కడుపు ముందటికచ్చింది. పోయి సైకిల్ తొక్కు," అంది. తొక్కమందే గాని దిగమనలేదు.

మాతో వచ్చే మూడోవాడు సైకిల్ షాపు అంబదాస్. వాళ్ళ తాతలు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చారు. నాలుగోవాడు అంతయ్య. అతను మందమర్రి బొగ్గుబాయిలో చాలా ఏళ్ళు పనిచేసి, ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి నింపుకుని, పనికి పనికిరావని ఇంటికి పంపితే వచ్చినవాడు. భార్య ఐలవ్వ అరుగు మీద బీడీలు చేస్తుంటే అతను పక్కన కూర్చుని ఆకాశంలోకి చూస్తూ ఉండేవాడు. "బాయి ఇడిసినంక ఐలవ్వ రెక్కల మీదనే బతుకుతున్న," అని ఎవరు పలకరించినా అదే మాట. ఏలియా సారు ఒకరోజు వెళ్ళి, "ఉత్తగ మబ్బులెందుకు సూస్తవు, పిట్టలను సూద్దువు రా," అని లేవదీసుకుని వచ్చాడట.

అంతయ్య సైకిల్ ఎప్పుడూ అందరికంటే వెనక ఉండేది. దాని మడ్‌గార్డు చప్పుడు, అంతయ్య దగ్గు కలిసి ఫర్లాంగు దూరం నుంచే వినబడేవి. ఆ చప్పుడు దగ్గరికి రాగానే పిట్ట ఎగిరిపోయేది. ప్రతిసారీ ఇదే వరస. మేం టోపీలు తీసి నిలబడి, కళ్ళు చికిలించి, కొమ్మకొమ్మా వెతికి, ఇదుగో ఇక కనబడుతుందనే లోపల అంతయ్య రొప్పుతూ వచ్చి, "ఏం పిట్ట సారు?" అనేవాడు.

"గిప్పుడే ఎగిరిపాయె అంతయ్యా. జరంతల తప్పింది," అనేవాడు ఏలియా సారు, ఏమాత్రం కోపం లేకుండా.

"నా నసీబు గట్లనే ఉన్నది," అని అంతయ్య హ్యాండిల్ మీద మోచేతులు పెట్టుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఆ చెట్టునే చూసేవాడు. తర్వాత అందరం మళ్ళీ ఎక్కేవాళ్ళం. కాస్త దూరం పోగానే ఇంకో పిట్ట.

పోనీ ఏలియా సారు చూపించిన పిట్ట నాకు ఎప్పుడైనా కనబడిందా అంటే అదీ లేదు. ఆయన మెడలో ఒక దుర్బీను ఉండేది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ స్వదేశం పోతూ ఇచ్చి వెళ్ళింది. దాని ఎడమవైపు అద్దం పగిలిపోయింది. కుడివైపు నుంచి చూస్తే చెట్టు తలకిందులుగా కనబడదు గాని, కనబడినట్టు కూడా ఉండదు.

"ఏది సారూ, నాకు కనబడ్తలేదు."

"ఆ మూడో కొమ్మ మీద."

"మూడో కొమ్మ ఏది?"

"రెండో కొమ్మ పక్కన."

ఇట్లా ఉండేది ఆయన చూపించే పద్ధతి. అంబదాస్ అయితే పిట్టల ఆశ ఎన్నడో వదులుకున్నాడు. అతని బాధంతా సైకిళ్ళ గురించే. "అరే భావూ, గిట్ల దిగుకుంట ఎక్కుకుంట పోతే సీటు స్ప్రింగులు ఊకుంటయా?" అని గొణిగేవాడు.

చివరికి నేను ఉండబట్టలేక ఏలియా సారును పక్కకు పిలిచాను. "సారూ, తప్పు మీది కాదు, పిట్టలది కాదు. గా అంతయ్య సైకిల్ చప్పుడుకే అన్ని పారిపోతున్నయి. ఆయన్ని ఇంటికాడ ఉండమనుండ్రి. అప్పుడన్న మేం ఒక్క పిట్టను చూస్తం."

ఏలియా సారు దుర్బీను అద్దం ధోవతి అంచుతో తుడుస్తూ, "అంతయ్య రాకుంటే నాకు పిట్టలే కనబడయి రామచంద్రం సాబ్," అన్నాడు. ఇటువంటి మనిషితో ఏం వాదిస్తాం?

కొన్నాళ్ళకు అంతయ్య మందమర్రిలో అక్క ఇంటికి పోయి ఒక శనివారం రాలేదు. నాకు పండగలా అనిపించింది. ఈరోజు చప్పుడు లేదు, దగ్గు లేదు, ఏలియా సారు దిగినచోటల్లా పిట్ట దర్శనం ఖాయమని కొత్త టోపీ కూడా పెట్టుకుని వెళ్ళాను.

ఏలియా సారు దిగలేదు. ఊరు దాటాక దిగలేదు. వాగు దాటాక దిగలేదు. గుట్ట ఎక్కుడు మొదలైంది, నా తొడలు మంటలెత్తాయి, కడుపు హ్యాండిల్‌కు తగులుతోంది, అయినా ఆయన వెనక్కి తిరిగి చూడడు. రోడ్డు పక్కన బండ మీద ఒక నెమలి పురివిప్పి నిలబడి ఉంది. దుర్బీను అక్కరలేదు, కళ్ళజోడు అక్కరలేదు.

"సారూ, నెమలి," అని అరిచాను.

"ఆఁ, సూసిన. తొక్కుండ్రి, పొద్దు పోతుంది."

"సారూ, దిగుదాం."

"ఎందుకు?"

జీవితంలో మొదటిసారి నేనే దిగుదామని బతిమాలితే, ఆయన ఎందుకని అడుగుతున్నాడు. ఎర్రకుంట కట్ట మీద సైకిల్ పడేసి, వెల్లకిలా పడుకుని, ఊపిరి వచ్చాక లేచి ఆయన ముందు కూర్చున్నాను.

"ఇన్ని దినాలు మీరు చూపెట్టిన చెట్ల మీద పిట్టలు లేవు. అవునా కాదా?"

"కొన్నిటి మీద ఉండె," అన్నాడు ఆయన, నీళ్ళలోకి చూస్తూ.

"అంతయ్య కోసం ఆగుతున్నరు."

"మెల్లగ అనుండ్రి."

"ఆయన ఈడ లేడు గద."

"అంబదాస్ ఉన్నడు. ఊరంత చెప్తడు." ఆయన గొంతు తగ్గించాడు. "బాయి పని చేసిన మనిషి. తన కోసం ఆగుతున్నరని తెలిస్తే ఇంట్ల పంటడు, మళ్ల లేవడు. పిట్ట కోసం ఆగితే ఎవలికి నామోషీ?"

మీరైతే ఆ మాటకు కరిగిపోయేవారేమో. నాకు మాత్రం కోపం నెత్తికెక్కింది. అంటే ఇన్ని శనివారాలు నేను టోపీ చంకలో పెట్టుకుని, నోరు మూసుకుని, దండం పెట్టినంత పని చేసింది ఉత్త చెట్టుకన్నమాట. మా ఊరి గడీలో కనీసం ఒక చెవిటి కావలివాడైనా ఉండేవాడు. మర్నాడు మాత్రం ఒక సీసాడు మంచినూనె తీసుకుపోయి అంతయ్య సైకిల్ గొలుసుకు పెట్టమని ఐలవ్వకు ఇచ్చి వచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు.

చలి వెనకబడుతుండగా ఒక కబురు వచ్చింది. ఎర్రకుంటలో వలలు వేసి పిట్టలను పట్టుకుపోతున్నారని, కట్ట మీద గుడిసె వేయించి ఒక కావలి మనిషిని పెడతామని అడవి రేంజరు అన్నాడు. ఏలియా సారు అంతయ్య పేరు చెప్పాడు. కట్ట మీద కూర్చుని డబ్బా వాయించి వలలవాళ్ళను అదిలించే పని. మంచి గాలి. గుడిసెలో ఐలవ్వ కూడా ఉండవచ్చు. "మీతోనే సైకిల్ మీద వస్తాను, మనిషిని చూసి చెబుతాను," అన్నాడు రేంజరు. అంతయ్య ఆ శనివారం ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. ఐలవ్వ వీధి చివరిదాకా సాగనంపింది.

రేంజరు హైదరాబాదు మనిషి. పొడుగు కాళ్ళు, కొత్త సైకిల్. వాగు దాటేసరికే అంతయ్య వెనకబడ్డాడు. ఏలియా సారు అలవాటు ప్రకారం దిగి, టోపీ తీసి నిలబడ్డాడు. రేంజరు దిగలేదు. "నేను రోజూ చూసేవే మాస్టారూ," అని ముందుకు పోయాడు. ఏలియా సారు గబగబా ఎక్కి వెంటబడ్డాడు. ఇంకోచోట దిగాడు. రేంజరు తల కూడా తిప్పలేదు. ఎదురుగా గుట్ట ఎక్కుడు. అది ఎక్కితే రేంజరు పైనుంచి వెనక్కి చూస్తాడు. అంతయ్య సైకిల్ పట్టుకుని వంగిపోయి దగ్గడం కనబడుతుంది. ఇక గుడిసె లేదు, గాలి లేదు, మళ్ళీ అరుగే. ఏలియా సారు మొహం పాలిపోయింది.

నాకు మండింది. ఎవడీ రేంజరు, మా సారు దిగితే దిగనివాడు? పళ్ళు బిగించి, కడుపు లోపలికి పీల్చి, రేంజరును దాటేలా తొక్కి, గుట్ట మొదట్లో ఆయన ముందు అడ్డంగా దిగాను. స్టాండు వేశాను. టోపీ తీశాను. ఆకు రాలిన ఒక మోదుగు చెట్టువైపు తిరిగి రెండు చేతులూ కట్టుకున్నాను.

"ఏమిటండీ?" అన్నాడు రేంజరు, తప్పనిసరిగా దిగి.

"పిట్ట సార్. మెల్లగ మాట్లాడుండ్రి."

"ఏ పిట్ట?"

నాకు తెలిసిన పిట్టలు కాకి, కోడి, నెమలి. "ముక్కు నీలం, తోక పసుపు. రెండు తోకలుంటయి," అన్నాను.

"రెండు తోకలా? చెట్టుకు ఆకే లేదు, నాకేమీ కనబడదే."

"కొమ్మ రంగులనే ఉంటది సార్."

ఏలియా సారు వచ్చి నన్నొకసారి, చెట్టునొకసారి చూశాడు. మారు మాట్లాడకుండా దుర్బీను తీసి రేంజరు చేతిలో పెట్టాడు. రేంజరు ఎడమ కన్ను పెట్టాడు, చీకటి. కుడి కన్ను పెట్టమన్నాం. తిప్పుడు మర తిప్పమన్నాం. మూడో కొమ్మ అన్నాను నేను. రెండో కొమ్మ పక్కన, అన్నాడు ఏలియా సారు. చివరికి అంబదాస్ కూడా, "అరే, ఎంత మంచిగున్నది," అని నిట్టూర్చాడు. వాడికి ఎప్పటినుంచి తెలుసో ఈనాటికీ చెప్పలేదు. ఈ సందట్లో మడ్‌గార్డు చప్పుడు దగ్గరికి వచ్చింది.

"ఏం పిట్ట సారు?" అన్నాడు అంతయ్య, ఊపిరి కూడదీసుకుంటూ.

మేం నోరు తెరిచేలోపల రేంజరు దుర్బీను దించి, గంభీరంగా, "ఇప్పుడే ఎగిరిపోయింది. అరుదైన పిట్ట. రెండు తోకలు," అన్నాడు.

అంతయ్య హ్యాండిల్ మీద మోచేతులు పెట్టుకుని తీరిగ్గా ఊపిరి తీసుకున్నాడు. అటు తర్వాత ఎర్రకుంట దాకా ప్రతి మోదుగు చెట్టు దగ్గరా రేంజరే ముందుగా దిగాడు. వారం తిరక్కుండా అంతయ్యకు కావలి పని వచ్చింది. ఐలవ్వ బీడీల చాట కట్ట మీదికి మారింది.

ఏలియా సారు నాకు మెచ్చుకోలుగా ఒక్క మాట చెప్పాడా? లేదు. "రెండు తోకలేంది రామచంద్రం సాబ్? అబద్ధం జెప్తే జర ఈ జిల్లాల ఉండే పిట్టను జెప్పుండ్రి," అని తిరుగు దారంతా సతాయించాడు.

అంతయ్య గుడిసెలో చేరాక ఇక దిగే పని లేదని సంతోషించాను. మొన్న శనివారం ఎండ గట్టిగా ఉంది, కమలవ్వ పెట్టిన జొన్నరొట్టె ఒకటి ఎక్కువ తిన్నాను, గుట్ట దగ్గర కాస్త వెనకబడ్డాను. చెమటలు కక్కుతూ మలుపు తిరిగేసరికి, ఏలియా సారూ అంబదాసూ సైకిళ్ళకు స్టాండ్లు వేసి, టోపీలు తీసి, బోసి మోదుగు చెట్టువైపు చూస్తూ నిలబడి ఉన్నారు.

"ఏం పిట్ట?" అని అడిగాను, రొప్పుతూ.

"గిప్పుడే ఎగిరిపాయె," అన్నాడు ఏలియా సారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. హ్యాండిల్ మీద మోచేతులు పెట్టుకుని, ఊపిరి కుదుటపడేదాకా ఆ చెట్టునే చూశాను.