దోవ అడిగిన దయ్యం

నా చిన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళ దేశంలో, హారో అనే ఊళ్ళో మా పక్కింట్లో ఒక దయ్యం ఉండేది. నవ్వకండి, అది వీడియో క్యాసెట్‌లో ఉండేది. పక్కింటి ఇటలీ ఆంటీకి వాళ్ళ తమ్ముడు పంపిన క్యాసెట్ అది. ఏదో పాత భయం కథను వాళ్ళ దేశపు టీవీవాళ్ళు ఎప్పుడో బ్లాక్ అండ్ వైట్‌లో సీరియల్‌గా తీశారట. ఆంటీకి దయ్యాల మీద మోజేమీ లేదు. ఇక్కడ తన భాష చెవిన పడేది ఆ పెట్టెలోనే కాబట్టి, శనివారం మధ్యాహ్నాలు అదే మళ్ళీ మళ్ళీ వేసుకునేది.

మా నాయనమ్మ నెల్లూరు నుంచి వచ్చి మా దగ్గర ఉండేది. అమ్మా నాన్నా ఇద్దరూ డాక్టర్లు. ఆస్పత్రి రోటాలో శనివారం డ్యూటీ పడితే నేనూ నాయనమ్మా పక్కింటికి వెళ్ళేవాళ్ళం. ఆంటీకి తెలుగు రాదు. నాయనమ్మకు ఇటాలియన్ మాట అటుంచి, ఇంగ్లీషే రాదు. అయినా ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని పచ్చి బఠాణీలు ఒలుస్తూ చూసేవాళ్ళు.

కథలో ఒక పాడుబడ్డ మేడ. తెల్ల గౌను వేసుకున్న ఒకావిడ కొవ్వొత్తి పట్టుకుని "దోవె సేయ్... దోవె సేయ్..." అని పిలుస్తూ తిరిగేది. అమ్మో, ఆ గొంతు! అది విన్నాక నేను మా ఇంట్లో పట్టపగలు కూడా ఒంటరిగా మెట్లెక్కడం మానేశాను. అమ్మ విసిగిపోయి, ఇంకొక్కసారి నేను భయమని ఏడిస్తే పక్కింటికి వెళ్ళడమే ఉండదని తేల్చి చెప్పింది. నాయనమ్మకు ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్నేహం నావల్ల పోతుందని తెలిసినా, నా భయం మాత్రం పోలేదు.

ఆ శనివారం నాయనమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ పిలుపు రాగానే చెవిలో అంది. "ఏమంటా ఉందో అర్థం కాలేదా అమ్మే? దోవ అడగతా ఉంది. ఇంటికి దోవ తెలీక తిరగతా ఉంది, పాపం. దోవ తప్పినోళ్ళని చూసి ఎవురన్నా భయపడతారా? మెట్ల మీదికి పో తల్లీ అని చెప్పు."

నేను టీవీకి వేలు చూపించి చెప్పాను. చిత్రం, ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది! నాయనమ్మకు ఆ సీను అప్పటికి కంఠతా వచ్చి ఉంటుందని నాకేం తెలుసు?

ఏమిటి సంగతని ఆంటీ అడిగితే, నాయనమ్మ చెప్పిన అర్థం ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ బఠాణీల గిన్నె పక్కన పెట్టింది. తర్వాత "యెస్ డార్లింగ్, ఇంటికే దారి అడుగుతోంది" అని తన ఇంగ్లీషులో అని, నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి నేనే ముందు మెట్లెక్కాను, దయ్యం కనబడితే దోవ చెబుదామని.

నాయనమ్మ కొన్నాళ్ళకు నెల్లూరు వెళ్ళింది, అక్కడే పోయింది. నేను పెద్దదాన్నయ్యాక ఒక కాఫీ షాపులో పక్క టేబుల్ ఆవిడ ఫోన్‌లో కొడుకుతో "దోవె సేయ్?" అంది. ఉండబట్టలేక అర్థం అడిగాను. "ఎక్కడున్నావ్" అనట. దోవా లేదు, పాడూ లేదు! ముందు పకపకా నవ్వాను, తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆంటీకి తెలిసి కూడా ఆ రోజు ఒక్క ముక్క సరిదిద్దలేదు.

ఇప్పటికీ ఎవరైనా నా మీద గట్టిగా అరిస్తే, పాపం దోవ తప్పారేమో అనుకుంటాను. అది నాయనమ్మ పెట్టిన బుద్ధి. కానీ సాయంత్రం ఖాళీ ఇంటికొచ్చి మెట్ల దగ్గర లైటు వేసేటప్పుడు మాత్రం నా నోటికి ఆ దయ్యం మాటే, దాని అసలు అర్థంతోనే వస్తుంది.

దోవె సేయ్, నాయనమ్మా?