టెస్టింగ్ మేడం అడిగిన ప్రశ్న

ఆవిడను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సిద్దిపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు శిక్షణ ఇవ్వడానికి వెళ్లాను. పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న సర్వీసులుగా, అంటే వేటికవే నడిచే భాగాలుగా విడదీసి, దేనికి మార్పు చేస్తే దాన్ని ఆ రోజే విడుదల చేయడం నేర్పాలి.

జట్టులో టెస్టింగ్ చూసే ఆవిడ నాకంటే పెద్దది. అర్థం కానప్పుడల్లా పెన్నుకు మూత పెట్టి, "సమజ్ కాలే సార్, ఇంకోసారి చెప్పుండ్రి" అనేది. ఎవరున్నా మొహమాటపడేది కాదు.

ఒకరోజు, "బిల్లింగు సర్వీసు కొత్తదైతది, ఆర్డర్లది పాతదే ఉంటది. గప్పుడు రెండిటికి ఎట్ల కుదురుతది సార్?" అని అడిగింది. అది నేనూ ఆలోచించని సంగతి. "ముందు బేసిక్స్ చదువుకుని రండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ మెల్లగా కూర్చుంది.

ఆ శుక్రవారం మేనేజరు ఎదుటే కొత్త బిల్లింగు సర్వీసును విడుదల చేశాం. కాసేపటికే ఆర్డర్లు ఆగిపోయాయి. ఆవిడ అడిగిందే జరిగింది, కొత్త బిల్లింగుకూ పాత ఆర్డర్ల సర్వీసుకూ కుదరలేదు. పాతదాన్ని తిరిగి పెట్టాక మేనేజరు, "గిది ముందుగాల ఎవ్వలకూ తోచలేదా?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు.

ఆవిడ లేచి నిలబడింది. "నాకు తోచింది సార్. నేనే సరిగ్గ అడగలేకపోయిన."

నేను ఔనన్నట్టు తలూపాను.