ఫరీజ్‌లో ఫ్రిజ్జు

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో నేను కొత్తగా దోహాలో దిగినప్పుడు, ఒక ఊరి చరిత్ర తెలియాలంటే పుస్తకాలు చదవాలనుకునే అమాయకుణ్ణి. మా కంపెనీ ఆ భ్రమ పోగొట్టింది. ట్యాంకర్లతో ఇంటింటికీ నీళ్ళు తోలే ఆ కంపెనీలో ఏడాది పొడుగునా ఏదో ఒక దినం ఉండేది: మొక్కల దినం, ట్రాఫిక్ వారం, కంపెనీ పుట్టినరోజు. (మన భాషలో దినాలు పెట్టడమంటే ఏమిటో మా మేనేజరుకు తెలియదు, నేనూ చెప్పలేదు.) ప్రతి దినానికీ ఎవరో ఒకరు లేచి, సందర్భానికి తగ్గ పాత ముచ్చట ఒకటి ఇంగ్లీషులో చెప్పాలి. కాకినాడలో డిగ్రీ చదివి మెడకు టై కట్టుకున్న పాపానికి ఆ ఎవరో ఒకరు నేనే అయ్యాను. మొక్కల దినానికి రేగుచెట్ల గురించి, ట్రాఫిక్ వారానికి రౌండెబౌట్ల గురించి వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నాలుగు ముక్కలు అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకునేసరికి, ఈ ఊరు నాకు కొట్టిన పిండి అనే ధీమా వచ్చేసింది.

ఆ ఏడు నీటి దినోత్సవమూ కంపెనీ పుట్టినరోజూ ఒకే వారంలో పడ్డాయి. రెండింటికీ కలిపి ఒకే సభ, దానికి మా యజమాని తన ముసలి తండ్రిని వెంటబెట్టుకు వస్తున్నాడు. నాకు అసలు గుబులు అక్కడే. మా వీసాలన్నీ ఆ యజమాని పేరు మీదే కాబట్టి ఆయనే మా కఫీల్. ఆయన సంతకం పెడితే తప్ప పెళ్ళైన నెలకే కాకినాడలో వదిలొచ్చిన నా భార్య దోహా రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ, "మీ ఆయన నిన్ను తీసుకెళ్ళడా అని పక్కింటావిడ అడుగుతోందండీ" అని మెల్లగా అనేది. ఆ మెల్లదనానికే నాకు చెమటలు పట్టేవి. ఉపన్యాసం బాగుంటే అప్పుడే సంతకం సంగతి కదుపుతానని మేనేజరు మాటిచ్చాడు. బాగుండకపోతే ఏమిటని నేను అడగలేదు.

పెద్దాయన పుట్టి పెరిగింది ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలోనని తెలిసి, ఆ పేట గురించే మాట్లాడాలని తీర్మానించుకున్నాను. ఆ వైపు రోజూ ట్యాంకర్ తోలే నిజామాబాద్ అన్నను ఆ పేరెందుకొచ్చిందని అడిగాను. మనం ఫ్రిజ్జు అనేదాన్ని ఆయన ఫిరీజ్ అనేవాడు. "గా అబ్దుల్ అజీజ్ అనెటాయన ఇంట్లనే మొదాలు ఫిరీజ్ వచ్చింది సార్. గల్లీ అంత సల్లనీళ్ళకు ఆడికే పోదురు. గందుకే గా పేరు పడ్డది" అన్నాడు, తను చూసొచ్చినట్టే. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది నాకు. నీటి దినానికి చల్లని నీళ్ళ కథ, అదీ పెద్దాయన పేటలోదే. ఇంకొకరిని అడిగి సరిచూసుకోవాలన్న ఊహైనా రాలేదు. పైగా దాహంతో బారులు తీరిన పిల్లల్నీ, ఫ్రిజ్జు తలుపు తెరిచి నవ్వుతున్న అబ్దుల్ అజీజ్‌నూ నా చేత్తో నేనే చేర్చాను.

సభలో యజమాని నా ఇంగ్లీషును తండ్రి చెవిలో అరబ్బీలోకి మారుస్తూ కూర్చున్నాడు. ఫ్రిజ్జు తలుపు తెరుచుకునే చోటికి వచ్చేసరికి ఆయన నోరు ఆగిపోయింది. నావైపు చూసి, మాతో మాట్లాడే హిందీలో, "ఫరీజ్ అంటే మొహల్లా, భాయ్" అన్నాడు. అంటే వాడ, పేట, అంతే. కాకినాడలో పక్కింటావిడ మొహం కళ్ళముందు నిలిచింది. ఇక నా భార్య జీవితాంతం ఆవిడకు జవాబు చెప్పుకుంటూ ఉండాల్సిందే అనుకున్నాను.

ఏమైందని పెద్దాయన కొడుకును అడిగాడు. కొడుకు చెప్పాడు. ముసలాయన ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. తలమీది గుడ్డ జారిపోయేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని నన్ను దగ్గరకు పిలిచాడు. వయసులో ఉండగా వ్యాపారానికి బొంబాయి వెళ్ళొచ్చిన మనిషి, హిందీ బాగానే వచ్చు. అప్పుడు ఫ్రిజ్జులెక్కడివి బేటా, కిటికీలో మట్టి కుండ పెట్టుకునేవాళ్ళం అంటూ మొదలుపెట్టి, భుజాన కర్రకు రెండు వైపులా డబ్బాలు కట్టుకుని బావుల నుంచి నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళ గురించి చెప్పాడు. నాకు తెలియకుండానే "కావడి" అనేశాను. మా ఊళ్ళోనూ అంతే, దాన్ని అలా అంటామన్నాను. ఆయన ఆ మాట రెండుసార్లు పలికి చూసుకుని, ఇంటి దగ్గర ఎవరెవరున్నారని అడిగాడు. ఉన్నదంతా కక్కేశాను. పెద్దాయన కొడుకు వైపు తిరిగి అరబ్బీలో ఏదో అన్నాడు. నాకు అర్థమైంది చివరి "యల్లా" ఒక్కటే, అంటే త్వరగా కానీయమని. శనివారం ఆఫీసు తెరవగానే సంతకం అయిపోయింది. గుండెల మీద కుంపటి దించినట్టయింది.

నిజామాబాద్ అన్నను నిలదీద్దామని వెళ్ళాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. తనకు ముందున్న డ్రైవరు చెప్పాడట, ఆయనకెవరు చెప్పారో తెలియదట. "వీసా అయితే వచ్చింది గద సార్. ఇగ ఫిరీజ్ తోని ఏం పని" అన్నాడు. ఆయనిచ్చిన టీ తాగి వచ్చేశాను.

నా భార్య వచ్చిన వారంలోనే టాక్సీలో ఆ పేట మీదుగా వెళ్తూ బోర్డు చదివి, ఫరీజ్ అంటే ఏంటండీ అంది. వాడ అన్నాను, తల్లి కడుపులోనే నేర్చుకొచ్చినట్టు. "ఎంత తెలుసుకున్నారండీ" అని మురిసిపోయింది. ఈనాటికీ చుట్టాలొస్తే, ఈయనకు దోహా చరిత్రంతా తెలుసని చెబుతుంది, నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను. చెమటతో తడిసిన టై కట్టుకుని సభలో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసి వస్తాయి. వాడికి చరిత్ర రాకపోతేనేం, భార్య వచ్చింది.